వయసుతో, కొండ నడకలతో పాదం పెద్దదవుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నడక గుంపు నెలకు రెండు ఆదివారాలు కొండ ఎక్కుతుంది. భువనగిరి కోట, అనంతగిరి అడవి, సెలవులు కలిసొస్తే నల్లమల. గుంపులో సగానికి పైగా నలభై దాటినవాళ్లమే. ఏ కొండ దిగి వచ్చినా, టీ బండి దగ్గర ఎవరో ఒకరు బూటు విప్పి వేళ్లు నొక్కుకుంటూ అదే మాట అంటారు: "రెండేళ్ల కింద ఇవి చక్కగా పట్టాయండీ." ఆ తర్వాత వచ్చే సందేహాలు కూడా దాదాపు అవే. ఏళ్ల తరబడి వింటూ, నా పాదాల మీదా ఇంట్లోవాళ్ల పాదాల మీదా చూసుకుంటూ, ఎముకల డాక్టర్లను అడిగి తెలుసుకుంటూ వచ్చిన జవాబులను ఒకచోట పెట్టాను. ఎవరికి కావలసింది వాళ్లు నేరుగా చదువుకోవచ్చు.

## అనుమానం మొదలైనప్పుడు

పెళ్లినాటికి నాది 7 నంబరు. ఇప్పుడు 52 ఏళ్లు, 8 కూడా బిగుతే. ఈ వయసులో ఎముకలు పెరుగుతాయా?

పెరగవు. ఆడపిల్లలకు పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య, మగపిల్లలకు పదిహేను, పదహారేళ్ల దగ్గర పాదం ఎముకల పొడవు దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత మారేది ఎముకల మధ్య కట్టు. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు దశాబ్దాల పాటు ఒంటి బరువు మోసి మోసి సాగుతాయి.

అరికాలి వంపును ఎక్కుపెట్టిన విల్లు అనుకోండి. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద సాగే దళసరి పట్టీ దానికి నారి. నారి వదులైతే విల్లు చదునవుతుంది, ఈ కొస నుంచి ఆ కొసకు దూరం పెరుగుతుంది. పాదంలో జరిగేదీ అదే. వంపు కాస్త దిగగానే పాదం ముందుకు సాగుతుంది, వేళ్ల మొదళ్ల దగ్గర పక్కలకు పరుచుకుంటుంది. నా కుడి పాదం చుట్టూ 2011లో పెన్సిలుతో గీసుకున్న కాగితం ఇంకా నా దగ్గర ఉంది. అప్పుడు 254 మిల్లీమీటర్లు. మొన్న గీస్తే 263. ఈ మధ్యలో ఒక్క ఎముకా పెరగలేదు, బూటు మాత్రం ఒక నంబరు పెరిగింది.

పాదం కాదు, బూటే కుంచించుకుపోయి ఉండొచ్చు కదా?

తోలు బూటు తడిసి ఎండలో ఆరితే బిగుసుకుంటుంది, నిజమే. కానీ ఇంట్లో ఉన్న మూడు నాలుగు జతలూ ఒకేసారి బిగుతయ్యాయంటే తేడా పాదంలోనే ఉంది.

నా పాదం నిజంగా మారిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవడం ఎలా?

మూడు పనులు చేయండి. మొదటిది, మీరు ఎక్కువగా వేసుకునే బూట్లలోంచి లోపలి అట్టను, అంటే ఇన్‌సోల్‌ను, బయటికి తీసి నేల మీద పెట్టి దానిపై నిలబడండి. కూర్చుని చూస్తే లాభం లేదు, బరువు పడాలి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉందా? పాదం పక్కలు అట్ట అంచు దాటి నేలను తాకుతున్నాయా? చిటికెన వేలు సగం బయట ఉంటే, ఆ బూటు ఇన్నాళ్లూ మీ పాదాన్ని నొక్కి పట్టి నడిపిస్తోందన్నమాట.

రెండోది తడి కాలి గుర్తు. కడప బండల నేల ఉన్న ఇల్లైతే మరీ తేలిక. పాదం తడిపి బండ మీద మామూలుగా అడుగు వేసి తీయండి. లోపలి వైపు పెద్ద ఖాళీ ఉండి, మడమనూ ముందు భాగాన్నీ సన్నటి పట్టీ కలుపుతుంటే వంపు నిలిచే ఉంది. ఆ పట్టీ పాదమంత వెడల్పుగా పడితే వంపు దిగిందని అర్థం. అచ్చు ఆరిపోయేలోపు ఫోన్‌లో ఫొటో తీసి దాచండి. ఏడాదికోసారి ఇలా చేస్తే మార్పు మీ కంటికే కనబడుతుంది.

మూడోది కాగితం మీద గీత. గోడకు మడమ ఆనించి నిలబడి, పెన్సిలు నిటారుగా పట్టి ఇంకొకరిచేత చుట్టూ గీయించుకోండి. మనమే వంగి గీసుకుంటే బరువు పక్కకు జరిగి కొలత తప్పుతుంది. కాగితం మీద తేదీ రాయడం మరవద్దు.

మా అమ్మకు మెట్టెలు బిగుసుకుపోయాయి. ఒళ్లు రాలేదు, మరి వేళ్లు లావవుతాయా?

ఇది మా ఇంట్లో జరిగిన సంగతి. మా అమ్మకు 71 ఏళ్లు. నలభై ఏళ్లుగా తీయని వెండి మెట్టెలు రెండో వేలి మొదట్లో చర్మంలోకి దిగిపోయాయి. సబ్బు నురుగు పెట్టి తిప్పినా రాలేదు. చివరికి కంసాలి చిన్న కత్తెరతో తుంచాడు. కింద వేలు తెల్లగా, నొక్కుపడి, దారం కట్టి వదిలినట్టు ఉంది. వేలు లావవడం కన్నా, ముందుపాదం పరుచుకుని వేళ్లు పక్కలకు జరగడం, రెండో వేలు కాస్త వంగి కణుపు లేవడం ఇక్కడ అసలు కారణాలు. సాయంత్రాలు వచ్చే కొద్దిపాటి వాపు దీనికి తోడవుతుంది. కలవకుండా తెరుచుకుని ఉండే మెట్టెలు చేయించుకుంటే వదులు చేసుకోవచ్చు. పెద్ద నడకకు వెళ్లే రోజు మాత్రం ముందు రాత్రే వదులు చేయండి, వీలైతే తీసి దాచండి. కొండ మీద వేలు ఉబ్బాక మెట్టె తీయడం చాలా కష్టం.

ఎడమ కాలు ఒక్కటే పెద్దదిగా అనిపిస్తోంది. మామూలేనా?

చాలామందికి రెండు పాదాలూ సమానం కావు. కొద్ది మిల్లీమీటర్ల తేడా పుట్టుకతోనే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఉన్న తేడా అయితే పెద్ద కాలి కొలతకే బూటు కొనండి, చాలు. ఈ మధ్యే ఒక్క పాదం చదునై పెరిగినా, ఉబ్బినా డాక్టరుకు చూపించాలి.

## ఎందుకిలా జరుగుతుంది

వయసు ఒక్కటే కారణమా?

కాదు. బరువు పెరిగితే వంపు మీద భారం పెరుగుతుంది. రోజంతా నిలబడి చేసే పనులూ అంతే: బడిలో పాఠం చెప్పడం, హోటల్లో వంట, బట్టల దుకాణం కౌంటరు. షుగర్, కీళ్లవాతం ఉన్నవాళ్లలో కీళ్లు, కట్టు ఇంకా త్వరగా మారతాయి. ఏళ్ల తరబడి ముందు సన్నటి బూట్లు వేసుకున్నవాళ్లకు బొటనవేలు పక్క వేళ్ల వైపు వాలి, దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకొస్తుంది. దాంతో వెడల్పు ఇంకా పెరుగుతుంది. వయసుతో వచ్చే మరో మార్పు మడమ కింద, వేళ్ల మొదళ్ల కింద ఉండే కొవ్వు మెత్త పలచబడటం. దానివల్ల సైజు పెరగదు గానీ, రాళ్ల మీద నడిచినప్పుడు "ఎముక నేలకు తగులుతోంది" అనిపించేది అందుకే.

కాన్పు తర్వాత చెప్పులన్నీ చిన్నవయ్యాయి. మళ్లీ మామూలవుతుందా?

వాపు వరకు తగ్గుతుంది. వంపు దిగినదైతే చాలామందిలో అలాగే ఉండిపోతుంది. 2013లో అచ్చయిన ఒక పరిశీలన కోసం అమెరికాలోని అయోవాలో 49 మంది గర్భిణుల పాదాలను మొదటి నెలల్లోనూ, కాన్పయిన అయిదు నెలలకూ కొలిచారు. అరవై, డెబ్భై శాతం మందిలో పాదం పొడవో వెడల్పో పెరిగింది. పొడవు పెరిగినవాళ్లలో ఆ తేడా 2 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా ఉంది. ఈ మార్పు ఎక్కువగా తొలి కాన్పులోనే కనబడింది. గర్భంతో ఉన్నప్పుడు కీళ్ల కట్టు వదులవడం, ముందుకు వచ్చే బరువు, రెండూ కలిసి దీనికి కారణాలని భావిస్తున్నారు. కాబట్టి బాలింతగా ఉన్నప్పుడే ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు కొనేయొద్దు. అయిదారు నెలలు ఆగి కొలిచి కొనండి.

తరచూ కొండలెక్కితే పాదం పెరుగుతుందా? దీనికి సూటిగా జవాబు చెప్పండి.

నెలకు రెండు రోజులు ఎక్కితే, ఆ నడక ఒక్కదానివల్లే నంబరు మారదు. నెలల తరబడి రోజూ బరువు మోస్తూ నడిచేవాళ్లకు మాత్రం మారుతుంది. అమెరికాలో సుమారు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ దారిని ఒక్క విడతలో నడిచేవాళ్లు దారి మధ్యలోనే అర నంబరో ఒక నంబరో పెద్ద బూట్లకు మారడం మామూలు విషయం. ముగించాక కొందరికి పాదం పాత కొలతకు వస్తుంది, కొందరికి రాదు.

ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతుంటాయి, విడదీసి చూడాలి. ఒకటి ఆ పూట వాపు. గంటల కొద్దీ నడిస్తే రక్తనాళాల్లోంచి కొంత నీరు పాదంలోకి దిగి నిలుస్తుంది. ఎండ, వీపు మీద బరువు దాన్ని పెంచుతాయి. రాత్రి పడుకుని లేచేసరికి చాలావరకు పోతుంది. రెండోది కట్టు సాగడం. ఇది మెల్లగా జరిగేది, వెనక్కి రాదు. వీపున పది పన్నెండు కిలోల సంచి, దిగుడు దారిలో ప్రతి అడుగుకూ పడే దెబ్బ, ఇవి ఇదివరకే వదులవుతున్న కట్టును మరికాస్త సాగదీస్తాయి.

మంచి సంగతి కూడా ఉంది. ఎగుడుదిగుడు నేల మీద నడక అరికాలిలోని చిన్న కండరాలకు పని చెబుతుంది. అవి బలపడితే వంపును పట్టి ఉంచుతాయి. అందుకే "పాదం పెరుగుతుందేమో, కొండలు మానేయనా?" అని అడిగినవాళ్లందరికీ నేను మానొద్దనే చెప్పాను. చాలామంది విషయంలో కొండ పాదాన్ని పెంచదు. ఊళ్లో సమతలం మీద అయిదేళ్లుగా దాగి ఉన్న తేడాను ఒక్క దిగుడులో బయటపెడుతుంది, అంతే.

తిరుమల మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కుతాం. వట్టి కాళ్ల నడకతో పాదం వెడల్పవుతుందా?

అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అరుణాచలం గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసే ఈ నడకలతో పాదం శాశ్వతంగా వెడల్పు కాదు, ఆ పూటకు వాస్తుంది.

పుట్టినప్పటి నుంచీ వట్టి కాళ్లతో తిరిగినవాళ్ల సంగతి వేరు. వాళ్ల ముందుపాదం సహజంగానే వెడల్పుగా, వేళ్లు విడివిడిగా ఉంటాయి. అది ఆరోగ్యమైన వెడల్పు. కర్ణాటకలో 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి చేసిన పరిశీలన 1992లో అచ్చయింది. అందులో బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వేసుకోనివాళ్లలో 2.8 శాతం మందికే ఉన్నాయి. పొలం గట్ల మీద పెరిగిన మా నాన్న పాదం చూస్తే నాకు ఆ లెక్క గుర్తొస్తుంది: ముందు చేటంత వెడల్పు, వంపు మాత్రం చెక్కుచెదరలేదు.

ఒక్క హెచ్చరిక. షుగర్ వల్ల అరికాలికి స్పర్శ తగ్గినవాళ్లు వట్టి కాళ్లతో ఎక్కొద్దు. ఎండకు కాలిన రాయి మీద బొబ్బ లేచినా వాళ్లకు తెలియదు. మొక్కు ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడండి.

"వెడల్పు పాదం, పల్లెటూరి పాదం" అని దుకాణంలో అన్నారు. నా పాదంలో లోపం ఉందా?

లేదు. లోపమంతా కొలతల పట్టీలోనే ఉంది. మన దుకాణాల్లో వాడే నంబర్లు బ్రిటన్ నుంచి వచ్చినవి. మన పాదాలను కొలిచి తయారు చేసినవి కావు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచింది. పాశ్చాత్యుల పాదాలకన్నా మన పాదాలు వెడల్పని అందులో తేలింది. ఆ లెక్కల ఆధారంగానే 'భా' అనే భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. వెడల్పు చాలక ఒక నంబరు పెద్దది కొని, ముందు పొడవు ఎక్కువై తడబడుతూ నడిచేవాళ్లను నేను ప్రతి నెలా చూస్తున్నాను. పాపం, తప్పు తమ పాదానిదే అనుకుంటారు. ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నా మనసు నొచ్చుకుంటుంది.

## కొత్త బూట్లు కొనేటప్పుడు

ఏ వేళప్పుడు కొలవాలి? ఎలా కొలవాలి?

సాయంత్రం, కనీసం అరగంట నడిచాక, కొండకు వేసుకునే మేజోళ్లతోనే కొలవాలి. పొద్దున కొన్న బూటు సాయంత్రానికి కరుస్తుంది. నిలబడి, రెండు పాదాలూ కొలిపించుకోండి. కొన్ని దుకాణాల్లో జారే పట్టీలున్న లోహపు పలక ఉంటుంది. అమెరికాకు చెందిన చార్లెస్ బ్రానాక్ 1920లలో తయారుచేసిన సాధనం అది. మడమ నుంచి వేలి కొసకే కాకుండా, మడమ నుంచి బొటనవేలి మొదటి కీలు దాకా కూడా అది కొలుస్తుంది. ఆ రెండో కొలత ముఖ్యం. బూటు వంగే చోటూ, మీ పాదం వంగే చోటూ ఒకటి కాకపోతే నంబరు సరిపోయినా నడక హాయిగా ఉండదు. పలక లేకపోతే ఇంట్లో గీసిన కాగితం పట్టుకెళ్లండి.

కొండ బూటు ఎంత పెద్దది తీసుకోవాలి?

నిలబడ్డప్పుడు పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ కావాలి. కొందరికి బొటనవేలికన్నా రెండో వేలు పొడుగు, వాళ్లు దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. దుకాణంలో ఇంకో పరీక్ష: లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకు జరిపి వేళ్లు కొసకు తగిలించండి. మడమ వెనక ఒక చూపుడు వేలు సులువుగా దూరాలి. తర్వాత మడమ వెనక్కి తట్టి లేసులు బిగించి, మెట్లు దిగి చూడండి. దుకాణంలో ఏటవాలు చెక్క ఉంటే దాని మీద కిందికి ముఖం పెట్టి నిలబడండి. వేళ్లు ముందుకు తగలకూడదు. నేను బజారుకు 8 వేసుకుంటాను, కొండకు 9.

యూకే, యూరప్, అమెరికా నంబర్లు చూస్తే తికమకగా ఉంది.

యూకే, అమెరికా పద్ధతుల్లో ఒక నంబరుకూ తర్వాతి దానికీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ పద్ధతిలో సుమారు 6.7 మిల్లీమీటర్లు. యూకే 7 అంటే సాధారణంగా యూరప్ 41, అమెరికా పురుషుల 8. కంపెనీని బట్టి అర నంబరు అటూ ఇటూ అవుతుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నంబరు వదిలేసి, మిల్లీమీటర్లలో పాదం పొడవు ఇచ్చిన పట్టిక చూడండి.

పొడవు సరిపోయింది, వెడల్పే చాలడం లేదు. ఇంకో నంబరు పెంచనా?

పెంచకండి. వెడల్పు రకాలు దొరికే కంపెనీ చూడండి. పురుషుల బూట్లలో మామూలు వెడల్పుకు 'డి', వెడల్పుకు '2ఈ', ఇంకా వెడల్పుకు '4ఈ' గుర్తులుంటాయి. ఆడవాళ్ల బూట్లలో మామూలుకు 'బి', వెడల్పుకు 'డి'. న్యూ బ్యాలెన్స్ లాంటి కంపెనీలు ఒకే నంబరులో ఈ రకాలన్నీ చేస్తాయి. ఆల్ట్రా, కీన్ బూట్లలో వేళ్ల దగ్గర చోటు ఎక్కువ. ఆడవాళ్లకు చిన్న చిట్కా: వెడల్పు రకం దొరకకపోతే మగవాళ్ల రకంలో మీ పొడవుకు సరిపోయే జత వేసి చూడండి, అవి కొంచెం వెడల్పుగా వస్తాయి. తోలు బూటైతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర చెక్క అచ్చు పెట్టించి వెడల్పు కొంత సాగదీయించవచ్చు. పొడవు మాత్రం ఎవరూ సాగదీయలేరు. సింథటిక్ బూట్లు ఏ వైపూ పెద్దగా సాగవు.

నంబరు పెంచాక మడమ లేస్తోంది, బొబ్బలొస్తున్నాయి. మళ్లీ చిన్నదే కొననా?

వద్దు, ముందు లేసు కట్టే తీరు మార్చండి. అన్నిటికన్నా పైనున్న రెండు కన్నాల దగ్గర లేసును ఎదుటి వైపుకు దాటించకుండా, అదే వైపున పై కన్నంలోకి దూర్చితే చిన్న ఉచ్చు మిగులుతుంది. రెండు వైపులా అలా చేసి, కుడి లేసును ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసును కుడి ఉచ్చులోంచి లాగి బిగించి ముడి వేయండి. మడమ వెనక్కి అతుక్కుని నిలుస్తుంది, వేళ్లకు చోటు మిగులుతుంది. నేర్చుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. మా గుంపులో కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది ఇదే.

## కొండ మీద

దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతోంది. ఎందుకు?

ప్రతి అడుగుకూ వేలు బూటు కొసకు కొట్టుకుని, గోరు కింద రక్తం గడ్డకట్టడం వల్ల. బూటు పొట్టిదైనా కావచ్చు, లేసు వదులై పాదం ముందుకు జారుతున్నా కావచ్చు. బయల్దేరడానికి రెండు రోజుల ముందు గోళ్లు తిన్నగా కత్తిరించండి. దిగుడు మొదలయ్యే చోట ఆగి, మీగాలి దగ్గర లేసులు మళ్లీ బిగించండి. నల్లబడ్డ గోరును పీకొద్దు, దానంతట అదే ఊడుతుంది. బొటనవేలికి కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. నొప్పి బాగా పోటెత్తుతుంటే అదే రోజు డాక్టరుకు చూపించండి.

పొద్దున హాయిగా ఉన్న బూటు మధ్యాహ్నానికి కరుస్తోంది. దారి మధ్యలో ఏం చేయాలి?

అన్నానికి ఆగినప్పుడు బూట్లు, మేజోళ్లు రెండూ విప్పండి. సంచి మీద కాళ్లు ఎత్తి పెట్టి పది నిమిషాలు ఉండండి. మేజోళ్లు ఆరనివ్వండి, లేదంటే రెండో జత వేసుకోండి. తిరిగి కట్టేటప్పుడు వేళ్ల వైపు లేసులు వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా కట్టండి. వాగు కనబడితే కాళ్లు ముంచొచ్చు, బాగా తుడిచాకే మేజోళ్లు తొడగాలి. తడి చర్మం త్వరగా బొబ్బలెక్కుతుంది.

మందపాటి నూలు మేజోళ్లు వేసుకుంటే సరిపోదా?

నూలు చెమటను పీల్చి పట్టుకుంటుంది, అది రాపిడి పెంచుతుంది. సన్నటి ఉన్నివి గానీ సింథటిక్‌వి గానీ మేలు. వేళ్లు ఒకదానికొకటి రాసుకునేవాళ్లకు వేలికో అర ఉన్న మేజోళ్లు బాగా పనిచేస్తాయి.

హిమాలయాల్లో పొద్దున లేచేసరికి పాదాలు, ముఖం ఉబ్బాయి. భయపడాలా?

సుమారు 2,500 మీటర్లు దాటాక కొందరికి చేతులు, కాళ్లు, ముఖం ఉబ్బుతాయి. అది ఒక్కటే అయితే సాధారణంగా ప్రమాదం కాదు, కిందికి దిగాక తగ్గుతుంది. దానితోపాటు తలనొప్పి, వాంతులు, తడబడే నడక, కూర్చున్నా ఆయాసం ఉంటే ఇంకొక్క అడుగు పైకి వేయొద్దు, కిందికి దిగాలి. అలాంటి ట్రెక్‌లకు బూటు కొనేటప్పుడే ఈ ఉబ్బుకూ చోటు వదిలి కొనండి.

## ఇంటికొచ్చాక, నెలల తరబడి

వ్యాయామం చేస్తే పాదం పాత సైజుకు వస్తుందా?

సాగిన లిగమెంటు తిరిగి బిగుసుకోదు. కానీ కండరాలు బలపడితే వంపు ఇంకా దిగకుండా ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది. రోజూ చేయదగ్గవి మూడు. కుర్చీలో కూర్చుని పాదం నేలకు ఆనించి, వేళ్లు ముడవకుండా, బొటనవేలి మొదటిని మడమ వైపు లాగినట్టు చేస్తే వంపు పైకి లేస్తుంది. అయిదు సెకన్లు నిలిపి వదలండి, పదిసార్లు. రెండోది గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగడం. మూడోది పిక్కలు సాగదీయడం: ఒక కాలు వెనక్కి చాచి, మడమ నేలకు ఆనించి, గోడ వైపు వాలడం. పిక్క బిగుసుకున్నవాళ్లలో వంపు మీద లాగుడు ఎక్కువ. పళ్లు తోముకుంటూ మునివేళ్ల మీద లేవడం నాకు పదేళ్ల అలవాటు.

ఇన్‌సోల్ వేసుకుంటే వంపు తిరిగొస్తుందా?

రాదు. వంపుకు ఆసరా ఇచ్చి అలసటను తగ్గిస్తుంది. నొప్పి లేనివాళ్లకు అవసరమే లేదు. దళసరి ఇన్‌సోల్ వేస్తే బూటులో చోటు తగ్గుతుంది కాబట్టి, దానితోనే బూటు కొలిచి కొనాలి.

## డాక్టరు దగ్గరకు ఎప్పుడు

ఇది వాపో, పాదం పరుచుకోవడమో ఎలా తెలుస్తుంది?

చీలమండ పైన ఎముక మీద వేలితో కొన్ని సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి నిలిస్తే నీరు పట్టింది. గుండె, కిడ్నీ, లివరు జబ్బుల్లో ఇలా జరుగుతుంది. ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రల వల్లా రావచ్చు. మాత్ర మీరే ఆపేయకండి, డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. ఒక్క కాలే మెల్లగా లావవుతూ, మధ్య మధ్య జ్వరం వస్తుంటే బోదకాలు అనుమానించి పరీక్ష చేయించుకోవాలి. మన కోస్తా జిల్లాల్లోనూ, తెలంగాణలోని కొన్ని జిల్లాల్లోనూ అది ఉంది. తొలి దశలోనే పట్టుకుంటే మందులతో, కాలి శుభ్రతతో అదుపులో ఉంటుంది. ట్రెక్ ముగించి రాత్రంతా బస్సులోనో విమానంలోనో కూర్చుని వచ్చాక ఒక పిక్క ఉబ్బి నొప్పెడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అది అదే రోజు చూపించవలసిన విషయం.

చీలమండ లోపలి వైపు నొప్పి, పాదం బయటికి తిరుగుతోంది. నడక తగ్గిస్తే చాలా?

చాలదు. వంపును పైకి పట్టి ఉంచే దళసరి తాడు లాంటి కట్టు ఒకటి చీలమండ లోపలి వైపు నుంచి దిగుతుంది. అది దెబ్బతింటే నెలల్లోనే పాదం చదునవుతుంది. నడివయసు దాటిన ఆడవాళ్లలో, బరువు, షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువ. గోడ పట్టుకుని ఆ ఒక్క కాలి మునివేళ్ల మీద లేచి చూడండి. లేవలేకపోతే, లేదా వెనక నుంచి చూసినవాళ్లకు ఆ కాలి వేళ్లు బయటి వైపు ఎక్కువగా కనబడుతుంటే ఎముకల డాక్టరుకు చూపించండి. మొదట్లో వస్తే పట్టీతో, ఇన్‌సోల్‌తో, వ్యాయామంతో సరిపోతుంది. మా గుంపులో ఒకావిడ ఏడాది పాటు నొప్పి నూనెలు రాసుకుంటూ ఊరుకున్నారు. ఆ తర్వాత ఆపరేషన్ దాకా వెళ్లింది.

షుగర్ ఉంది. బూటు విషయంలో వేరే జాగ్రత్తలు ఏమైనా?

బూటు బిగుతని మీ పాదం మీకు చెప్పకపోవచ్చు. అందుకే చాలామంది షుగర్ రోగులు తెలియకుండానే చిన్న నంబరు వేసుకుంటారు, పట్టినట్టు అనిపిస్తుంది కాబట్టి. కంటితో, కొలతతో మాత్రమే కొనండి. ఇంట్లో మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు వాడండి. ప్రతి నడక తర్వాత అరికాలినీ, వేళ్ల సందులనూ అద్దంలో చూసుకోండి. పాదం ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బితే నొప్పి లేకపోయినా ఆ కాలి మీద బరువు వేయకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. లోపల ఎముకలు దెబ్బతింటున్న లక్షణం కావచ్చు.

పాదాలతోపాటు చేతి ఉంగరాలు కూడా పట్టడం లేదు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

బరువు పెరిగినా, నీరు పట్టినా రెండూ బిగుతవుతాయి. అరుదుగా, పెద్దయ్యాక ఎదుగుదల హార్మోన్ ఎక్కువై చేతులు, పాదాలు, దవడ మెల్లగా పెరిగే జబ్బు ఉంది. పాత ఫొటోలతో పోల్చి ముఖంలో కూడా మార్పు కనబడితే హార్మోన్ల డాక్టరును కలవండి.

## పాత జతల సంగతి

ఖరీదైన పాత బూట్లు చిన్నవయ్యాయి. దాచుకోనా, ఇచ్చేయనా?

బాగున్నవి ఇప్పుడే ఎవరికైనా ఇచ్చేయండి. చాలా ట్రెక్కింగ్ బూట్ల అడుగులో వాడే పాలీయురేథేన్ నురుగు గాలిలోని తేమకు కొన్నేళ్లలో పెళుసవుతుంది, వాడకుండా అటక మీద పెట్టినా సరే. నేను అయిదారేళ్లు దాచిన జతను మా మేనల్లుడికి ఇచ్చాను. చూడటానికి కొత్తవే. భువనగిరి బండ మీద సగం ఎక్కేసరికి కుడి కాలి అడుగు మొత్తం ఊడి, నల్లటి పొడిలా రాలిపోయింది. వాడిని వట్టి మేజోడుతో ఆ రాతి మీద నుంచి చెయ్యి పట్టుకుని దింపాను. ఇచ్చే ముందు అడుగు భాగాన్ని రెండు చేతులతో వంచి, బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్లు కనబడినా, పొడి రాలినా ఎవరికీ ఇవ్వొద్దు.